అటకెక్కిన కెమెరాకు మళ్ళీ చూపు

పాత ఇల్లు మరమ్మతు చేయించేటప్పుడో, పెద్దవారు కాలం చేసిన తరువాత వారి ట్రంకు పెట్టె తెరిచినప్పుడో, పట్టుచీరల మడతల నడుమ, పొలం దస్తావేజుల కట్ట కింద ఒక తోలు సంచి బయటపడుతుంది. లోపల బరువైన కెమెరా ఒకటి ఉంటుంది. దానిని ఎవరు తెచ్చారో, ఎవరి పెండ్లిలో చివరిసారి వాడారో ఇంట్లో కొందరికి లీలగా గుర్తుంటుంది, కొందరికి అసలే తెలియదు. పిల్లలు ఆత్రంగా చేతిలోకి తీసుకొని చేసే మొదటి పని వెనుక తలుపు తెరవడం. సరిగ్గా చేయకూడని పని అదే. లోపల ఫిల్ము ఉన్నట్లయితే, దశాబ్దాలుగా చీకటిలో దాగిన ముఖాలు ఆ ఒక్క క్షణపు వెలుతురుకే మాసిపోతాయి.

పాత కెమెరా పని చేయడం లేదంటే యంత్రం చెడిపోయినదని అర్థం కాదు. ఎక్కువ సందర్భాలలో చెడిపోయేవి అందులోని రబ్బరు, స్పంజి, బ్యాటరీ మాత్రమే. ఇత్తడి చక్రాలు, గాజు లెన్సులు అలాగే ఉంటాయి. వాటికి నిజమైన హాని చేసేది కాలం కాదు, తొందరపడే చెయ్యి. కనుక ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస తెలిసి ఉండడం ముఖ్యం.

రెండు కిటికీల కెమెరా

అటకల మీద దొరికే పాత 35 మిల్లీమీటర్ల కెమెరాలలో ఒక జాతికి రేంజిఫైండరు కెమెరాలని పేరు. అంటే దూరాన్ని కొలిచే కెమెరాలు. వీటిని గుర్తించడం సులభం. చూసే కిటికీ లెన్సు పైన కాక ఒక పక్కగా ఉంటుంది. దానికి కొంత ఎడంగా ముందువైపు మరొక చిన్న కిటికీ ఉంటుంది. వెనుక నుంచి చూస్తే దృశ్యం నడుమ పసుపుపచ్చని చిన్న గడి కనిపిస్తుంది.

ముఖానికి ఎదురుగా వేలు నిలిపి ఒక్కొక్క కన్నూ మార్చి మార్చి మూస్తే వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. వేలు దగ్గరైతే ఎక్కువగా, దూరమైతే తక్కువగా జరుగుతుంది. ఈ కెమెరా పనిచేసేది ఈ సూత్రం మీదనే. రెండవ కిటికీలోని కదిలే అద్దం లేక పట్టకం ఒక బింబాన్ని తెచ్చి, సగం వెలుతురును మాత్రమే దాటనిచ్చే మరొక అద్దం ద్వారా మొదటి బింబంపై ఉంచుతుంది. లెన్సు వలయాన్ని తిప్పినప్పుడు ఆ బింబం కదులుతుంది. పసుపు గడిలోని రెండు బింబాలు ఒకటైన చోట దూరం కుదిరినట్లే. భూమి కొలిచేవారి త్రిభుజ పద్ధతికి ఇది చిన్న తమ్ముడు. 1802లో విలియం లాంబ్టన్ చెన్నపట్నం సమీపాన పరంగిమలై వద్ద తొలి ఆధారరేఖ కొలిచి ఆరంభించిన మహా సర్వే సాగినది కూడా ఒక భుజము, రెండు కోణాల లెక్క మీదనే.

ఈ జాతికి దారి చూపినది జర్మనీకి చెందిన లైకా. ఆస్కార్ బర్నాక్ రూపొందించిన ఆ కెమెరా 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో వెలుగు చూసింది. 1932లో వచ్చిన రెండవ లైకాలో దూరమాపకాన్ని లెన్సుతో అనుసంధానించారు. 1959 తరువాత లెన్సు గుండానే దృశ్యాన్ని చూపించే అద్దపు కెమెరాలు రంగాన్ని ఆక్రమించినా, తక్కువ ధరకు మంచి లెన్సు కోరే కుటుంబాల కోసం జపాను సంస్థలు రేంజిఫైండర్లను 1970ల దాకా లక్షల సంఖ్యలో తయారు చేశాయి. వాటిలో బాగా పేరుపొందినది యాషికా ఎలక్ట్రో 35. ఇక్కడి వివరాలు ప్రధానంగా దానిని ఉద్దేశించినవే అయినా, అధిక భాగం ఇతర కెమెరాలకూ వర్తిస్తాయి.

యాషికా ఎలక్ట్రో 35

ఇది 1966లో విడుదలైనది. లెన్సు 45 మిల్లీమీటర్లు, గరిష్ఠ ఎపర్చరు ఎఫ్ 1.7. ఎపర్చరు అంటే కంటిపాప వలె పెద్దదీ చిన్నదీ అయ్యే రంధ్రం. 1.7 అన్న అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది, అందుచేత లాంతరు వెలుతురులో కూడా చిత్రం తీయవచ్చు. ఎపర్చరును మనిషి నిర్ణయిస్తే, షట్టరు ఎంతసేపు తెరచి ఉండాలో కెమెరాలోని విద్యుత్ పరికరం నిర్ణయిస్తుంది. సెకనులో 500వ వంతు మొదలు 30 సెకన్ల వరకు ఏ విరామమైనా అది ఇవ్వగలదు. పైన ఎర్ర దీపం వెలిగితే వెలుతురు మితిమీరినదని, పసుపు దీపం వెలిగితే షట్టరు నెమ్మదించినది గనుక చెయ్యి కదపరాదని అర్థం. ఇదే కుటుంబంలో తరువాత జీఎస్ఎన్, జీటీఎన్ వంటి నమూనాలు వచ్చాయి. యాషికా సంస్థ 1983లో క్యోసెరాలో విలీనమైనది. 2005లో క్యోసెరా కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకొన్నది. కనుక కొత్త విడిభాగాలు దొరకవు, ఉన్నదానిని కాపాడుకోవడమే మార్గం.

మొదట లోపలి ఫిల్ము

కెమెరా చేతికి అందగానే దాని పైభాగాన ఎడమవైపున్న రీలు చుట్టే మీటను, వెనుక తలుపు తెరుచుకోకుండా, బాణం చూపిన దిక్కుకు మెల్లగా తిప్పి చూడాలి. అది అడ్డు లేకుండా తిరుగుతూనే ఉంటే లోపల ఫిల్ము లేనట్లే, లేదా ఉన్నా పూర్తిగా డబ్బీలోకి చుట్టబడి ఉన్నదన్నమాట. కొద్ది తిప్పుడుకే బిగుతు తగిలితే ఫిల్ము ఉన్నది. అప్పుడు అడుగుభాగాన ఉన్న చిన్న బటను నొక్కి, మీటను తిప్పుతూ పోవాలి. బిగుతు హఠాత్తుగా వదిలిన తరువాత మరి నాలుగు చుట్లు తిప్పి, మసక చీకటిలో తలుపు తెరవాలి. ఏండ్ల తరబడి ముడుచుకున్న ఫిల్ము పెళుసుగా ఉంటుంది కనుక బలం చూపరాదు. మధ్యలో మొరాయిస్తే పూర్తి చీకటి గదిలో తెరవగల స్టూడియో వారికి అప్పగించడం మేలు.

ఆ రీలుపై ముద్రించిన అక్షరాలే దాని జాతకం. సీ-41 అని ఉంటే 1972 తరువాత వచ్చిన రంగు నెగెటివ్ పద్ధతి. నేటికీ ల్యాబులు కడుగుతున్నది దానినే. సీ-22 అని ఉంటే అంతకు ముందరి పద్ధతి. కోడాక్రోమ్ అని ఉంటే దాని రంగులు తెప్పించే మార్గం ఇప్పుడు లేదు, దానిని కడిగిన చిట్టచివరి ల్యాబు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2010 డిసెంబరు 30 వరకే రీళ్ళు స్వీకరించింది. అయినా నిరాశ పడనక్కరలేదు. ఇటువంటి పాత రంగు ఫిల్ములను నలుపు తెలుపు రసాయనాలలో కడిగితే, రంగులు రాకపోయినా ముఖాలు వచ్చే అవకాశం ఉన్నది. ఇక మన ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు వంటి నలుపు తెలుపు రీళ్ళు రంగు రీళ్ళకన్న కాలానికి ఎక్కువ తట్టుకుంటాయి. రీలును ల్యాబుకు పంపేటప్పుడు అది ఏ దశాబ్దానిదో, ఎక్కడ దాచి ఉన్నదో చీటీ రాసి జతచేయాలి. కడిగేవారు సమయాన్ని నిర్ణయించేది ఆ అంచనా మీదనే.

బ్యాటరీ గది

తరువాత చూడవలసినది అడుగున ఉన్న బ్యాటరీ గది. ఈ కెమెరా మొదట 5.6 వోల్టుల పాదరసపు బ్యాటరీతో నడిచేది. అది ఇంకా లోపలే ఉన్నట్లయితే పిల్లల చేతికి ఇవ్వరాదు, పొయ్యిలోనో చెత్తకుప్పలోనో వేయరాదు. పాదరసం నీటిలో, చేపలలో చేరి మనిషికి చేసే కీడును లోకానికి చాటినది జపానులోని మినమాట ఊరే. ఆ పేరుతోనే కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది. పాత బ్యాటరీని సీసాలో మూతపెట్టి ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే చోట అప్పగించాలి.

గదిలో తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే చేతికి తొడుగు వేసుకొని, పుల్లకు దూది చుట్టి, కొద్దిగా వెనిగర్‌లో తడిపి తుడవాలి. పొంగు అణగిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకసారి తుడిచి ఆరబెట్టాలి. చిలుము తీగలోకి పాకి అది తెగినట్లయితే, టంకం పెట్టడం తెలిసిన రేడియో మెకానిక్కు కూడా ఆ ఒక్క పని చేసిపెట్టగలడు. కొత్తగా వేయవలసినది 4ఎల్ఆర్44 అనే 6 వోల్టుల చిన్న బ్యాటరీ. పాతదానికన్న ఇది పొట్టిది, సన్ననిది. అందుచేత చుట్టూ కాగితం చుట్టి, మిగిలిన ఖాళీలో ఒక స్ప్రింగు ఉంచితే సరిపోతుంది. వోల్టులలోని ఈ చిన్న తేడా చిత్రాలను పాడుచేయదని ఈ కెమెరా వాడేవారందరి అనుభవం. వెనుకనున్న పరీక్ష బటను నొక్కితే దీపం వెలగాలి.

దీపం వెలిగితే అసలు పరీక్ష చేయవచ్చు. మీట తిప్పి, ముందువైపు వెలుతురు చూసే కన్నును వేలితో మూసి, బటను నొక్కాలి. షట్టరు తెరుచుకొని ఆలస్యంగా మూసుకున్నదంటే విద్యుత్ భాగం బ్రతికి ఉన్నట్లే. వెలుతురులోనూ చీకటిలోనూ ఒకే తీరున టిక్కుమని మూసుకుంటే విద్యుత్తు అందడం లేదు. బ్యాటరీ లేనప్పుడు ఈ కెమెరా ఎప్పుడూ 500వ వంతు సెకనుకే పనిచేస్తుంది. బటను అసలే దిగకపోతే విప్పడానికి పూనుకోకముందు దాని చుట్టూ ఉన్న తాళపు వలయం తిరిగి ఉన్నదేమో చూడాలి, కొన్ని నమూనాలలో అది ఉంటుంది. తానే తీసుకునే చిత్రం కోసం ఉన్న ఆలస్యపు మీటను మాత్రం ముట్టకపోవడం మంచిది. పాత కెమెరాలలో అది నడుమ ఇరుక్కొని మొత్తం యంత్రాన్ని నిలిపివేస్తుంది.

వినిపించవలసిన చప్పుడు

ఎలక్ట్రో 35కు పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటున్నది. లోపల ఒక కడ్డీకి అంటించిన చిన్న రబ్బరు ముక్క కాలక్రమాన కరిగి పొడి అవుతుంది. అది బాగున్నంత కాలం మీట తిప్పినప్పుడు లోపల టక్కుమని స్పష్టమైన చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు లేకపోతే రబ్బరు పోయినట్లే. అప్పుడు దీపాలు తికమకగా వెలుగుతాయి, చిత్రాలు తెల్లబారతాయి. కొనేవారు చెవి పెట్టి వినవలసిన మొదటి చప్పుడు ఇదే. దీనిని బాగు చేయడానికి పైమూత విప్పి, లోతుగా ఉన్న ఆ చోట కొత్త రబ్బరు ముక్క అంటించాలి. వస్తువు ఖరీదు నామమాత్రం, కావలసినది ఓర్పు, అనుభవం. గడియారాలు బాగుచేసే సాధనాలు, అలవాటు లేనివారు ఈ పనికి దిగరాదు. ఇంట్లోని పెద్ద స్క్రూడ్రైవరుతో మరతలలు చెరిపివేస్తే ఆ తరువాత నిపుణుడు కూడా ఏమీ చేయలేడు.

వెలుతురు దూరే సందులు

ఇంటివారు స్వయంగా చేసుకోదగిన పని వెనుక తలుపు చుట్టూ ఉండే నల్లని మెత్త మార్చుకోవడం. బయటి వెలుతురు ఫిల్ముకు తగలకుండా తలుపు గాడులలో స్పంజి పెడతారు. కొన్ని దశాబ్దాలకు అది తారు వలె జిగటగా మారుతుంది. చిత్రాల మీద నారింజ రంగు చారలు పడితే కారణం అదే.

పాత మెత్తను గీకడానికి కత్తి వాడరాదు. కాలిపోయిన అగరుబత్తి పుల్ల చివరను చదునుగా కోసి, ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి గాడి వెంట నడిపితే జిగురంతా ఊడి వస్తుంది. కెమెరాను బోర్లించి పట్టుకుంటే తునకలు లోపల పడవు. షట్టరు రేకులకు మాత్రం తడి గాని వేలు గాని తగలరాదు. శుభ్రమైన గాడులలో నల్లని ఊలు దారం పేటలుగా పరచి నొక్కవచ్చు, లేదా సుమారు రెండు మిల్లీమీటర్ల మందం గల నల్ల స్పంజి పట్టీలు కోసి అంటించవచ్చు. తలుపు కీలు వైపు కొంచెం మందంగా ఉండాలి. తలుపు బలవంతం లేకుండా మూసుకోవాలి, అదే సరైన మందానికి కొలత.

బూజు, తేమ

యానాం, గంజాం వంటి సముద్ర తీరపు ఊళ్ళలో కెమెరాకు మొదటి శత్రువు బూజు. లెన్సుకు వెనుక నుంచి చిన్న దీపం చూపితే సాలెగూడు వంటి పోగులు కనిపిస్తాయి. బూజు విడిచే ఆమ్లాలు గాజుపై పూతను తినివేస్తాయి. పై గాజు మీదిదైతే మెత్తని గుడ్డకు ఆల్కహాల్ అద్ది నడుమ నుంచి అంచుకు చుట్టుగా తుడవవచ్చు. లోపలిదైతే లెన్సు విప్పే నిపుణుని పని. పోగులు నాలుగైదే అయి అంచున ఉన్నట్లయితే చిత్రంలో వాటి జాడ దాదాపు కనిపించదు, ఆ స్థితిలో ముట్టకుండా ఉండడమే ఉత్తమం.

పాత తోలు సంచి తేమకు, బూజుకు నెలవు. దానిని జ్ఞాపకార్థం విడిగా దాచి, కెమెరాను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. రంగు మారిన గింజలను వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. బట్టల పెట్టెలో కలరా ఉండల పక్కన పెట్టడం మంచిది కాదు. ఎండలో ఆరబెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. లైకా, సోవియట్ దేశపు ఫెడ్, జోర్కీ వంటి కెమెరాలలో షట్టరు గుడ్డతో చేసినది. లెన్సు సూర్యుని వైపు తిరిగి ఉంటే భూతద్దం కింద కాగితం వలె ఆ గుడ్డకు చిల్లి పడుతుంది.

పసుపు గడి, తొలి రీలు

చూసే కిటికీ మసకబారితే వెలుపలి గాజును మాత్రమే తుడవాలి. లోపలి సగం అద్దం మీది పూత ఎంతో పలుచనిది, ఒక్క తుడుపుకే ఊడిపోతుంది, దానితో పసుపు గడి శాశ్వతంగా మాయమవుతుంది. గడి సరిగా ఉన్నదో లేదో తెలియడానికి రాత్రివేళ చంద్రుని వైపు, పగలైతే ఒకటి రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న కొండ కొమ్మునో గాలిగోపురాన్నో చూడాలి. లెన్సు వలయం అనంతపు గుర్తు వద్ద ఉన్నప్పుడు రెండు బింబాలూ ఒకటి కావాలి. పక్కకు జరిగితే దూరం తప్పుతున్నది, పైకీ కిందికీ ఉంటే కంటికి ఇబ్బందే గాని కొలతలో తేడా అంతగా రాదు.

ఇవన్నీ అయిన తరువాత తొలి రీలును పెండ్లికో ఉపనయనానికో కేటాయించరాదు. అది పరీక్ష రీలు. ఎండలో ఉన్న గోడ, నీడలో ఉన్న అరుగు, ఒక మీటరు దూరాన ఉన్న మనిషి, లాంతరు వెలుతురు, ఇలా వేర్వేరు స్థితులలో తీసి, ఏ చిత్రం ఎలా తీసినదీ కాగితంపై రాసుకోవాలి. ఫిల్ము వేగాన్ని తెలిపే ఏఎస్ఏ అంకెను కెమెరాపై సరిచేయడం మరువరాదు. నెగెటివ్ చేతికి వచ్చినప్పుడు ఆ కాగితమే ఏ భాగంలో లోపమున్నదో చెబుతుంది.

కొనదలచినవారికి

ఇంట్లో లేనివారు చెన్నై పల్లావరం శుక్రవారపు సంతలో, ముంబయి చోర్ బజారులో, బెంగుళూరు ఆదివారపు బజారులో ఇటువంటి కెమెరాల కోసం వెదకవచ్చు. అడగవలసినవి నాలుగే. మీట తిప్పినప్పుడు చప్పుడు వస్తున్నదా, బ్యాటరీ గదిలో చిలుము లేదా, లెన్సులో బూజు లేదా, పసుపు గడి కనిపిస్తున్నదా. లైకా అని చెక్కి బంగారు పూత పూసినవి కనిపిస్తే మోసపోరాదు. 1934 నుంచి ఖార్కివ్‌లో తయారైన ఫెడ్, ఆ తరువాతి జోర్కీ కెమెరాలపైనే పేరు మార్చి అమ్మే అలవాటు ఉన్నది.

ప్రింటు వెనుక రాయవలసినది

కెమెరా బాగుపడినా, పాత రీలులో రెండు ముఖాలే దక్కినా, చివరిగా ఒక పని మిగులుతుంది. ప్రతి ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, సంవత్సరం, ఊరు రాయాలి. సరిహద్దు గ్రామాల వారికి ఇది మరింత అవసరం. ఎలక్ట్రో 35 వచ్చిన నాటికి హోసూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఆ రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు 1969 జనవరి 14న వచ్చింది. బళ్ళారి ఉన్నది మైసూరు రాష్ట్రంలో, అది కర్ణాటక అయినది 1973 నవంబరు 1న. మనుమలు రేపు ఆ చిత్రాన్ని చూసి ఊరి పేరు, రాష్ట్రం పేరు పొంతన కుదరక తికమకపడకుండా, నాటి పేరు, నేటి పేరు రెండూ రాసి ఉంచాలి. పేర్లు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే ఆ ప్రింటును వారి చేతిలో పెట్టి అడగాలి. కెమెరాను వచ్చే ఏడాది బాగు చేయించుకున్నా నష్టం లేదు గాని, ఈ పనిని వాయిదా వేయరాదు.